కలుపు కాదు, మినుము

విజయవాడ, గవర్నర్‌పేటలో మూడో అంతస్తున వెలసియున్న వరి సాగు భాగస్వామ్య పథకం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,

చినకాలవపాలెం గ్రామ కాపురస్తుడు, రెండెకరాల పది సెంట్ల రైతు, సదరు పథకంలో ఏడో బ్లాకు పద్నాలుగో నంబరు భాగస్వామి అగు పాండురంగయ్య వ్రాసుకొన్న అర్జీ.

తేది: జనవరి 19, సోమవారం.

విషయం: ఈ నెల 22వ తేదీ గురువారం ఉదయం మా ఏడో బ్లాకు అరవై ఎకరాల మీద డ్రోనుతో కొట్టదలచిన కలుపు మందును ఆపించుట గురించి, మరియు సదరు కలుపును చల్లినవాడిని నేనేనని ఒప్పుకొనుట గురించి.

జతపరచినవి: కంపెనీ వారి నోటీసు ఒకటి. డ్రోను తీసిన ఫొటో, జిరాక్సు కాపీ. నా పాత అర్జీల రసీదులు మూడు. సున్నుండలు, ఒక స్టీలు డబ్బా. (చివరి దాని సంగతి ఆరో పేరాలో వివరించాను. లంచం కాదని ముందుగానే మనవి.)

అయ్యా,

మొదట ఈ సంబోధన గురించి క్షమాపణ కోరుచున్నాను. నా మొదటి అర్జీ అయ్యా అని రాసి పైకి పంపేసరికి తమ కుర్చీలోకి అమ్మగారు వచ్చారు. రెండోది అమ్మా అని రాస్తే మళ్లీ అయ్యగారు వచ్చారు. మూడోది ఇద్దరికీ కలిపి రాశాను, ఆ నెల కుర్చీ ఖాళీ. ఇప్పుడున్నది అయ్యగారేనని మీ ఆఫీసు కింద టీ కొట్టు నాగబాబు శనివారం ఫోనులో ఖాయం చేశాడు. ఈలోగా మారియుంటే తమరే సర్దుకోవలెను.

1. నేను సదరు పథకంలో భాగస్వామిని. ఈ మాట నేను కల్పించింది కాదు, ఒప్పందంలో ఉన్నది. ప్రభుత్వం వారు, కంపెనీ వారు, రైతులు ముగ్గురూ సమానులని తెలుగులో ఉన్న మొదటి పేజీలో వ్రాసియున్నది. మిగిలిన అరవై మూడు పేజీలు ఇంగ్లీషులో ఉన్నందున సమానత్వం అంతవరకే చదవగలిగాను. ఆరు గ్రామాలు, రెండువేల నాలుగు వందల ఎకరాలు, మూడేళ్ల గడువు. పెట్టుబడి కంపెనీ వారిది, నీరు ప్రభుత్వం వారిది, నేల మాది. ఏడాదికి రెండు వరి పంటలు పండించి, మాకు కౌలు ఇచ్చి, ధాన్యం వారు పట్టుకుపోవుట.

మా బ్లాకులో ఇరవై ఆరుగురం సంతకాలు పెట్టాము. ఎవరూ బలవంతం చేయలేదు, అది కూడా చెప్పుట న్యాయం. ఎరువుల కోసం క్యూలో నిలబడటం, కూలీల కోసం బతిమాలటం, తుపాను వార్త విని గుండె పట్టుకోవటం, వీటన్నిటితో విసిగి ఉన్నాము. దానికి తోడు నా మోకాలు. వేరే ఎవరో సాగు చేసి ఇంటికి తెచ్చి కౌలు ఇస్తామంటే కాదనటానికి మనసొప్పలేదు. సంతకం పెట్టిన రోజు మధ్యాహ్నం నేను పదేళ్ల తర్వాత హాయిగా నిద్రపోయాను.

లేచి చేను చూసుకుందామని వెళ్తే డొంకదారి మొదట్లో గేటు పెట్టారు. భాగస్వాములకు పాసు కావాలట. పాసు మీద సోమవారం నుండి శుక్రవారం వరకు, ఉదయం పది నుండి సాయంత్రం ఐదు వరకు అని అచ్చు వేశారు. పది దాటాక చేలోకి వెళ్లేవాడిని మా వైపు రైతు అనరు, చుట్టం అంటారు. అయితే గేటుకు అటూ ఇటూ కంచె వేయటం ఎందుచేతనో మరిచిపోయారు. అందుచేత మేము గేటును గౌరవించి, పక్క నుండి వెళ్లుచున్నాము.

2. గట్ల గురించి. కంపెనీ వారి పెద్ద మిషను తిరగటానికి చోటు చాలదని, మే నెలలో మా బ్లాకులోని గట్లు యావత్తు జేసీబీతో చదును చేశారు. గట్టంటే హద్దు మాత్రమే కాదయ్యా. నీరు ఆగేది దానివల్ల, మేము నడిచేది దాని మీద, కందిమొక్కలు పెట్టేది దాని పక్కన, అన్నదమ్ములు మాట్లాడుకోవటం మానేది కూడా దాని దగ్గరే. అవన్నీ రెండు రోజుల్లో పోయినవి. ఆ సాయంత్రం ఇరవై ఆరుగురం ఒడ్డున నిలబడి చూశాము. అరవై ఎకరాలు ఒకటే పలకలా ఉన్నది. ఎవరిది ఎక్కడో ఎవరికీ తెలియలేదు. నా మటుకు నాకు ఈ రోజుకూ నా చేను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదని ఇందుమూలంగా ప్రమాణపూర్వకంగా తెలియజేయుచున్నాను. (ఈ వాక్యం ముఖ్యమైనది. తమరు గుర్తుంచుకోవలెను.)

హద్దులన్నీ కంప్యూటరులో భద్రంగా ఉన్నవని కంపెనీ వారి ఫీల్డు మేనేజరు గోపీనాథ్ గారు మాకు ధైర్యం చెప్పారు. ఈయన విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర పుట్టి పెరిగిన కుర్రాడు, ముప్పై ఏళ్లుంటాయి. మర్యాదస్తుడు. వాళ్ల నాన్నగారిది చేనేత బట్టల వ్యాపారం. ఈయనకు వరి గురించి తెలిసినదంతా చదువుకొని తెలుసుకున్నదే, ఆ చదువుకున్నది మాత్రం శ్రద్ధగా చదువుకున్నాడు.

3. నీటి గురించి. అరవై ఎకరాలు చూపుకు సమంగా ఉన్నా నీటికి సమంగా లేదు. పడమర జానెడు మెరక, తూర్పు జానెడు పల్లం. గట్లు ఉన్న రోజుల్లో ఎవరి మడిలో నీరు వాళ్లకు నిలిచేది. ఇప్పుడు తూము ఎత్తితే తూర్పున పైరు మునుగుతుంది, దించితే పడమర ఎండుతుంది. మధ్యలో పాతిన సెన్సారు మాత్రం నీరు సరిపోయిందని రోజూ చెప్పేది. దాని వరకు నిజమే చెప్పింది.

ఇక వంతుల సంగతి. మా పంట బోదెకు నీరు మంగళవారం రాత్రి నుండి శుక్రవారం వరకు. లస్కరు పేరయ్య ముప్పై ఏళ్లుగా అలాగే తూము తెరుస్తున్నాడు. కంపెనీ వారు తమకు సోమవారం కావాలని మెయిల్ పెట్టారు. పేరయ్యకు సైకిలు ఉన్నది గాని మెయిల్ లేదు. గోపీనాథ్ గారు ఒప్పందం పట్టుకొని తూము దగ్గరికే వెళ్తే, పేరయ్య కళ్లజోడు పెట్టుకొని అరవై నాలుగు పేజీలూ తిరగేసి, ఇందులో కాలవల శాఖ వారి సంతకం ఎక్కడుందండీ అని అడిగాడు. లేదు. నీరు ఇస్తామని ఒప్పుకున్నది వ్యవసాయం వారు, నీరు ఉన్నది కాలవల వారి దగ్గర. ఈ ముక్క కనిపెట్టడానికి ప్రభుత్వానికీ కంపెనీకీ ఒక సార్వా పంట కాలం పట్టింది. నా మొదటి అర్జీ దీని గురించే. దానికి సమాధానంగా కంపెనీ వారిని అడగమని తమ ఆఫీసు వారు, ప్రభుత్వం వారిని అడగమని కంపెనీ వారు, భాగస్వాములు సహకరించాలని ఇద్దరూ రాశారు.

పైగా ఈ ఏడు రెండో వరికి, అంటే దాళ్వాకు, నీరు వదలబోమని కాలవ గట్టున బోర్డు పెట్టారు. కంపెనీ వారు మాత్రం దాళ్వా ఊడుస్తామనే ఉన్నారు. పెట్టుబడిదారులకు ఏడాదికి రెండు వరి పంటలు చూపించాలట. ఈ నెల 28న వారు స్వయంగా చూడటానికి వస్తున్నారు. అప్పటికి నేల శుభ్రంగా, ఖాళీగా, పచ్చటిది ఏమీ లేకుండా కనిపించాలని పై నుండి ఆర్డరు. గురువారం నాటి మందు అందుకోసమే.

4. మిషను గురించి. నవంబరు నెలాఖరులో పడిన వానకు తూర్పు పల్లం బురద అయింది. డిసెంబరు 5న కంపెనీ వారి కోత మిషను వచ్చింది. హనుమాన్ జంక్షన్ నుండి లారీ మీద తెస్తుంటే జనం ఆగి చూశారట. చేలోకి దిగి ఇరవై గజాలు నడిచి, పొట్టవరకు కూరుకుపోయింది. దాన్ని లాగటానికి వచ్చిన ట్రాక్టరు దాని పక్కనే దిగబడింది. మూడోది దూరం నుండి చూసి వెనక్కి తిరిగింది. గోపీనాథ్ గారి బూటు ఒకటి ఇప్పటికీ ఆ నేలలోనే ఉన్నది. దానికి కౌలు మేము అడగటం లేదు.

రెండు రోజులు ఫోన్ల మీద ఫోన్లు చేసి, చివరకు చేతికోతే గతి అని తేల్చారు. మా ఊరి కోతల ముఠాకు మేస్త్రి శౌరమ్మ. ఆమె వెంట నలభై మంది ఆడవాళ్లు. పథకం మొదట్లో కంపెనీ వారు ఆమెకు ఇక మీతో పని లేదని చెప్పారు. ఇప్పుడు గోపీనాథ్ గారు ఇంటికి వెళ్లి పిలిచారు. పదో తారీఖు నుండి కొడవళ్లు దిగుతాయని మాత్రం చెప్పింది.

5. ఇప్పుడు నా నేరం.

ఏడో తారీఖు ఆదివారం సాయంత్రం గేటు పక్క నుండి వెళ్లి చేలో కాలు పెట్టాను. మడమ దిగింది, నీరు ఊరలేదు. వరి తలవంచి ఉన్నది. మూడు రోజుల్లో కోత. అయ్యా, తమరు ఏ జిల్లా వారో నాకు తెలియదు. మా డెల్టాలో దానిని పదును అంటాము. వరి ఇంకా నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు, ఆ పదును మీద మినుములు చల్లుతాము. దున్నేది లేదు, నీరు పెట్టేది లేదు. వరి కోసి పనలు ఎత్తేసరికి కింద మొలక ఉంటుంది. ఆ తర్వాత మంచు తాగి పెరుగుతుంది. ఫిబ్రవరి నెలాఖరుకు పీకి కుప్ప వేయవచ్చు. మా తాతలు చేశారు, మా నాన్న చేశాడు, నేను యాభై ఏళ్లుగా చేస్తున్నాను. ఆ పదును నాలుగు రోజులే ఉంటుంది. దాన్ని చూసి కూడా ఊరికే ఇంటికి పోవటం నా చేత కాలేదు.

ఆ చేలో పంట నాది కాదని నాకు తెలుసు. ఒప్పందం తెలుసు. పాసు మీద టైము తెలుసు. అయినా మర్నాడు, అనగా డిసెంబరు 8 సోమవారం తెల్లవారుజామున, నాలుగున్నర నుండి ఏడు లోపల, మంచులో, ఎవరి సాయమూ లేకుండా, ఎవరికీ చెప్పకుండా, అరవై ఎకరాలకూ నేను ఒక్కడినే మినుములు చల్లినాను. ఎకరానికి పదహారు కిలోల చొప్పున తొమ్మిదిన్నర క్వింటాళ్లు పట్టింది. ఒక్కడినే మోశాను. అంత విత్తనం ఎక్కడిదని అడిగితే, ఇంట్లో ఉన్నది. ఎలా మోశావని అడిగితే, భుజాన. ఇంతకు మించి తమరు అడగకుండా ఉంటే మేలు.

పదో తారీఖున కోత మొదలైంది. నాలుగు రోజులు కోసి, పనలు ఆరాక ఎత్తటం మొదలు పెట్టేసరికి కింద అంగుళం ఎత్తున మొలకలు. శౌరమ్మ ముఠా వారు కాలు ఎక్కడ పెడుతున్నారో చూసుకుంటూ నడవటం గోపీనాథ్ గారు గమనించి, కింద ఏముందమ్మా అని అడిగారు.

"ఏం లేదండీ సారూ, నేలేనండీ" అని చెప్పి ఆమె తన పని తాను చేసుకున్నది. ఇందులో ఆమె తప్పు లేదు. అడిగినదానికి సమాధానం చెప్పింది.

6. నోటీసు గురించి. జనవరి 12న కంపెనీ వారి డ్రోను మా బ్లాకు మీద తిరిగి ఫొటో తీసింది. దాని మీద కంప్యూటరు రాసిన మాట ఇది: "గుర్తు తెలియని కలుపు, విస్తీర్ణంలో తొంభై రెండు శాతం." దాని కింద ఇంకో ముక్క: "కలుపు మధ్య అక్కడక్కడ సన్నని ఖాళీ గీతలు కనబడుచున్నవి. కారణం తెలియలేదు." సదరు గీతల గురించి నాకేమీ తెలియదని మనవి. తమరు వాటిని పట్టించుకోనక్కరలేదు.

ఫొటో వచ్చిన మర్నాడు గోపీనాథ్ గారు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మా ఇంటిది భద్రమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన ఫొటో నా చేతిలో పెట్టారు.

"బాబాయి గారూ, ఇంత సమంగా మొలిచిన కలుపు నేనెక్కడా చూళ్లేదండీ" అన్నారు.

నేల మంచిదని చెప్పాను. భద్రమ్మ లోపలికి వెళ్లి పళ్లెంలో సున్నుండలు తెచ్చి పెట్టింది. ఆయన ఒకటి తిన్నారు. రెండోది చేతిలో పట్టుకొని, చాలా బాగున్నాయి పిన్నిగారూ, దేనితో చేశారండీ అని అడిగారు.

"మీ కలుపుతోనే బాబూ, నిరుటిది" అంది భద్రమ్మ.

ఆయన రెండోది కూడా తిన్నారు. తిన్నాక తలపట్టుకున్నారు. కంపెనీ వారి కంప్యూటరులో ఒక పొలం గురించి రాయటానికి మూడే మాటలు ఉన్నవట. వరి, ఖాళీ, కలుపు. మినుము అని రాద్దామంటే ఆ లిస్టులో లేదు. వరి కానిది, ఖాళీ కానిది, కలుపే అవుతుంది. కొత్త మాట చేర్చాలంటే ప్రభుత్వ భాగస్వామి, అంటే తమరు, కాగితం ఇవ్వాలి. అది వస్తే మందు ఆపిస్తానని, రాకపోతే గురువారం ఉదయం ఆరు గంటలకు డ్రోను లేస్తుందని, ఆపటం తన చేతిలో లేదని ఆయన చెప్పారు. చెబుతున్నప్పుడు నా ముఖం చూడలేదు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. నమూనా చూస్తే తప్ప తమకూ నమ్మకం కలగదని సున్నుండలు జతపరిచాను.

ఆయన వెళ్లిన మర్నాడే నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా పరాయి విత్తనం చల్లిన భాగస్వామిని పథకం నుండి తొలగించి, గడువు తీరేవరకు కౌలు లేకుండా అతని నేలను కంపెనీ వారే ఉంచుకుంటారట. ఎవరు చల్లారో ఈ నెల 21లోగా తేలకపోతే ఏడో బ్లాకు ఇరవై ఆరుగురి మీదా అదే చర్య. అందువలన తేల్చుచున్నాను. నేనే.

7. ఇంతవరకు తమాషాగా రాశానని తమరు అనుకోవచ్చు. నేను రాయటం మొదలుపెడితే అలాగే వస్తుంది, భద్రమ్మ కూడా అదే తిడుతుంది. కాని అయ్యా, నాకు భయంగా ఉన్నది. నిన్న ఆదివారం వెళ్లి చూశాను. నలభై రెండు రోజుల పైరు. మోకాలెత్తు వచ్చి పూత మీద ఉన్నది, ముందు పూసిన చోట పిందె కూడా పడింది. ఆ పసుపు పూత అరవై ఎకరాలు ఒక్కటిగా చూడటం నాకు కూడా కొత్త. దానికి ఎవరూ ఒక చుక్క నీరు పెట్టలేదు, ఒక గింజ ఎరువు వేయలేదు. కంపెనీ వారికి పైసా ఖర్చు లేదు, ప్రభుత్వం వారికి కాలవ నీరు ఖర్చు లేదు. ఈ భాగస్వామ్యంలో ముగ్గురికీ ఇబ్బంది లేకుండా జరిగిన పని ఇది ఒక్కటే. దానినే చంపుతున్నారు. అదీ రాని నీటి కోసం, వేయలేని వరి కోసం.

ఫిబ్రవరి నెలాఖరున మినుము పీకటానికి శౌరమ్మ ముఠాకు పది రోజుల పని ఉన్నది. పథకం వచ్చినప్పటి నుండి వారికి అటువంటి పది రోజులు కలిసిరాలేదు. నిన్న నేను చేలో ఉంటే శౌరమ్మ దారి మీద ఆగి, పూత చూసి, తల ఊపి వెళ్లిపోయింది.

కావున నా ప్రార్థన యేమనగా:

గురువారం నాటి మందును ఆపించవలెను. కంపెనీ వారి లిస్టులో వరి, ఖాళీ, కలుపు అను మూడు మాటల పక్కన మినుము అను నాలుగో మాటను చేర్పించవలెను. ఒక్క మాటే కాబట్టి దానికి కమిటీ వేయవలసిన పని లేదని నా నమ్మకం. పంట వచ్చిన తర్వాత దానిని ఎవరెంత తీసుకోవాలో ముగ్గురు భాగస్వాములూ కూర్చొని తేల్చుకోవచ్చు. మాకు ఏమీ ఇవ్వకపోయినా సరే, ముందు దానిని పండనివ్వండి.

శిక్ష అంటూ వేయవలసి వస్తే నాకు ఒక్కడికే వేయవలెను. మిగిలిన ఇరవై ఐదుగురూ ఆ తెల్లవారుజామున వాళ్ల వాళ్ల ఇళ్లలో గాఢనిద్రలో ఉన్నారు. నేను ఇల్లిల్లూ తిరిగి చూడలేదు గాని, నాకు తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యం, తమరు ఒక్కసారి వచ్చి చూడవలెను. విజయవాడ నుండి హనుమాన్ జంక్షన్‌కు గంటలో వస్తారు. అక్కడి నుండి ఆటోలో అరగంట. పాసు అవసరం లేదు, గేటు పక్క నుండి తీసుకువెళ్తాము. పాత బూట్లు వేసుకొని రావలెను.

నా మోకాలి వలన మూడో అంతస్తు ఎక్కలేను. మీ లిఫ్టు పండగ ముందు నుండి బాగు చేస్తున్నారని నాగబాబు చెప్పాడు. ఈ అర్జీని అతని చేతే పైకి పంపి, నేను కింద బల్ల మీద కూర్చొని ఉంటాను. ఇది తమరికి తీరిక దొరికినప్పుడు చూసే కాగితాల్లోకి పోకుండా, గురువారం ఉదయం ఆరు గంటల లోపల చిత్తగించవలెను.

తమ విధేయుడు, భాగస్వామి కూడా,
పాండురంగయ్య
బ్లాకు 7, నంబరు 14.

(ఆఖరి పేజీ వెనక వైపు, వేరే చేతిరాతతో)

ఆఫీసరు గారికి భద్రమ్మ నమస్కారములు.

మా ఆయన బస్సు టైము కనుక్కోవటానికి సెంటరుకు వెళ్లారు. ఆయన వచ్చేలోగా నాలుగు ముక్కలు రాస్తున్నాను. కాగితం వెనక ఆయన చూడరు.

ఆయన పైన రాసిన దాంట్లో అరవై ఎకరాలు చల్లానన్నది అబద్ధం. కార్తీకమాసం నుంచి ఆ మోకాలితో వంగలేకపోతున్నారు. ఆ రోజు తూము దిమ్మ మీద కూర్చొని, మంచులో నేను ఆయనకు కనపడకపోయినా, పలచగా పడుతోంది చిక్కగా వెయ్యి అని నన్ను కేకలేశారు. మా రెండెకరాల పది సెంట్లు చల్లింది నేను. మిగతావి ఎవరివి వాళ్లు చల్లుకున్నారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదండీ. నేను విత్తనం బుట్ట పట్టుకొని వెళ్లేసరికి మంచులో ఆ పక్క ఎవరో దగ్గారు, ఈ పక్క ఎవరో తుమ్మారు. చూస్తే ఊరంతా అక్కడే ఉంది. అందరం ఆ పదును చూసినవాళ్లమే కదా. తెల్లవారేసరికి ఎవరి బుట్ట వాళ్లం పట్టుకొని, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోకుండా ఇళ్లకు వచ్చాము.

తప్పు ఒక్కడి మీద వేసుకుంటే మిగతావాళ్లు బయటపడతారని ఆయన లెక్క. అది ఆయన మంచితనం. కాని అబద్ధం రాసిన కాగితం తమ దగ్గర నిలవదు. ఆ ఫొటోయే పట్టిచ్చేస్తుంది.

ఆ ఫొటోలో సన్నటి ఖాళీ గీతలు ఉన్నాయి చూశారా. కారణం తెలియలేదని కంపెనీ వాళ్లు రాశారు. ఆయన పట్టించుకోవద్దన్నారు. మీ బీరువాలో మా ఊరి పాత సర్వే పటం ఉంటుంది, తీయించండి. ఫొటో పక్కన పెట్టి చూడండి. ఆ గీతలు మా గట్లు. జేసీబీ వచ్చి చదును చేసి వెళ్లింది గాని, చల్లేటప్పుడు ఎవరి చెయ్యి వాళ్ల హద్దు దగ్గర ఆగిపోయింది. పక్కవాళ్ల చేలో మన గింజ పడకూడదని అటు మూర, ఇటు మూర వదిలేసి చల్లుకున్నాం. చీకట్లో, మంచులో, గట్టు లేకపోయినా. ఇరవై ఆరు చేలూ ఉన్నాయి, లెక్కపెట్టుకోండి. మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా ఆ మూర వదిలారండీ.

మందు కొడితే మినుముతో పాటు అవి కూడా పోతాయి. మళ్లీ అంత స్పష్టంగా ఎప్పుడు కనపడతాయో తెలియదు. మూడేళ్ల తర్వాత మా చేలు మాకు తిరిగి ఇచ్చేటప్పుడు తమకే పనికొస్తాయి, ఆ ఫొటో దాచండి.

ఆయన చేను ఎక్కడుందో తెలియదని ప్రమాణం చేశారు కదా. ఆయనకు బాగా తెలుసు. ఫొటోలో ఎడమ నుంచి మూడోది, తూము పక్కది. గురువారం పొద్దున్నే నేను అందులోనే ఉంటాను. శౌరమ్మ వాళ్లు కూడా వస్తామన్నారు. సున్నుండలు నలుగురూ పంచుకోండి. డబ్బా నాది, ఎవరితోనో పంపొద్దు. తమరు వచ్చినప్పుడు అక్కడే ఇచ్చేయండి.